ఉత్త గిన్నె

మూడోనాటికి నీళ్లు
తొమ్మిదో మెట్టు దగ్గర ఆగాయి.
వాంబే కాలనీ డాబా మీద పదకొండు మందిమి,
ఒక మేక, బీబీజాన్ కుట్టుమిషను.
కింద నా ఇస్త్రీ బండి ఎటు కొట్టుకుపోయిందో.
దాని మీద మూటగట్టిన నలభైమూడు జతలు,
ఒక్కటీ నాది కాదు.
ఆకలేసినప్పుడు కూడా అవే గుర్తొచ్చేవి:
వకీలుగారి తెల్ల చొక్కాలు,
టీచరమ్మ గంజిపెట్టిన వెంకటగిరి చీర.

పడవ వచ్చింది.
పులిహోర పొట్లాలు పైకి విసిరారు.
రెండు గోడకు తగిలి బుడమేట్లో పడ్డాయి.
విసిరిన అన్నం పట్టుకోవాలంటే
చేతులకంటే ముందు సిగ్గు చాపాలి,
అది ఆ రోజే తెలిసింది నాకు.

చివర్లో ఒక కుర్రాడు మాత్రం విసరలేదు.
పడవ అంచు మీద కాలి వేళ్లతో నిలబడి
మూతపెట్టిన స్టీలు గిన్నె రెండు చేతులా అందించాడు.
"కవర్లు అయిపోయాయంట పిన్నీ,
గిన్నెతోనే ఇచ్చేశారు."

పెరుగన్నం. ఓ పక్కన దబ్బకాయ ముక్క.
పదకొండు చేతులు తిన్నాక,
మేక కూడా నాకాక,
అంచు కింద చుక్కలు చుక్కలుగా అక్షరాలు కనబడ్డాయి:
కీ.శే. తుమ్మల సీతారావమ్మ జ్ఞాపకార్థం, చిలువూరు.

నీళ్లు పోయాయి. బురద పోలేదు.
ఫైరింజను గోడలు కడిగింది,
ఫ్రిజ్జు వెల్లకిలా పడి ఉంది పీనుగులాగా,
బియ్యమిచ్చారు, వేలిముద్ర వేశాను.
నాకున్న బాధల్లా ఆ గిన్నె.

ఉత్త గిన్నె తిరిగివ్వకూడదు అనేది మా అమ్మ.
అప్పు తెచ్చిన పంచదార గిన్నెలో
నాలుగు రెబ్బల కరివేపాకైనా వేసి పంపేది.
మా కరివేపాకు చెట్టు మురుగు తాగి చచ్చింది.
ఏం వెయ్యను?

వకీలుగారు పోనీలే అన్నారు.
టీచరమ్మ అనలేదు. నెలకు వంద కడుతున్నాను,
చీర ఆవిడ అమ్మదట, తప్పు నాది కాకపోయినా న్యాయమే.
కొత్త బండికి అప్పు తీసుకున్నాక
మొదటి వారం డబ్బుల్లో
అరకిలో వేరుశెనగ పప్పుండలు కొని
గిన్నెలో పోసి తెనాలి ప్యాసింజరెక్కాను.

చిలువూరులో మొదటి ఇంటావిడ గిన్నె తిప్పి చూసి నవ్వింది.
లోపలికెళ్లి అచ్చం అలాంటిదే ఇంకోటి తెచ్చింది.
రెండో ఇంట్లోనూ అంతే.
"ఆవిడ పెద్దకర్మకి ఊరందరికీ పంచారమ్మా.
మూడొందల గిన్నెలు."
మరి లేనిదెవరింట్లో?
"ఆ రోజు వీధి వీధంతా వండింది.
చాలా ఇళ్లలోంచి పోయాయి.
ఎవరు లెక్కపెట్టారు?"

పప్పుండలు పిల్లలకి పంచేసింది.
పసుపు ఆరబోసిన పట్టా దగ్గరికెళ్లి
దోసెడు కొమ్ములు తెచ్చి గిన్నెలో పోసింది.
నేను వద్దంటున్నా వినదే.
"ఉత్తది పంపకూడదుగా."
తిరుగు రైల్లో నవ్వొచ్చింది,
పక్కన కూర్చున్నాయన జరిగి కూర్చున్నాడు.

ఇప్పుడది బీబీజాన్ గదిలో
కుట్టుమిషను పక్కన నీలం డ్రమ్ములో ఉంటుంది.
నెల మొదట్లో ఎవరికి తోచినంత
బియ్యం పోసి వెళతారు కాలనీవాళ్లు.
మొన్న కాలవగట్టు మీద గుడిసెలు కాలినప్పుడు
ఆ గిన్నెతోనే కొలిచాం, మనిషికి రెండు.

సీతారావమ్మగారూ,
మిమ్మల్ని నేను ఫోటోలో కూడా చూళ్లేదు.
బియ్యం రాపిడికి మీ పేరులో
'తా' సగం అరిగింది.
మళ్లీ కొట్టించుకు రానా అన్నాడు మా నాంచారయ్య.
వద్దన్నాను.
తలగొట్టకుండా
గుట్టగా కొలవమని మాత్రం చెప్పాను.